పిస్తా రంగు వస్తువు – ఒకటి

వాననీటి అంచనాల శాఖ అని ఒకటుంది. వాన ఎంత పడిందో కొలిచి చెప్పే శాఖలు వేరే ఉన్నాయి. ఇది పడకముందే ఎంత పడవచ్చునో అంచనా వేసి, పడ్డాక ఆ అంచనా ఎందుకు తప్పిందో వివరణ రాసే శాఖ. రెండో పనే ఎక్కువ కాబట్టి వివరణలు రాసేవాళ్లూ ఎక్కువే, వాళ్లు కూర్చునే కుర్చీలూ ఎక్కువే. నర్సీపట్నం కార్యాలయంలో ఆ కుర్చీలకీ, బల్లలకీ, బీరువాలకీ, స్టూళ్లకీ జవాబుదారు సీనియర్ అసిస్టెంటు హైమవతి.

హైమవతిది మంచి మనసే గానీ ఊరుకునే నోరు కాదు. భర్త సూర్యం తణుకులో జిరాక్స్ షాపు నడుపుతాడు. కూతురు చరిత అక్కడే ఎనిమిదో తరగతి. తొమ్మిదేళ్లుగా హైమవతి శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి వెళ్లడం, ఆదివారం రాత్రి బస్సెక్కి తిరిగి రావడం. కూతురు పెరగడాన్ని వారం వారం వచ్చే సీరియల్లా చూసింది పాపం. మధ్యలో ఏం జరిగిందో ఎవరో ఒకరు చెప్పాలి.

అలాంటిది ఎవరి కాళ్లో పట్టుకుంటే, ఏ దేవుడో కరుణిస్తే, తణుకు కార్యాలయానికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. ముప్పయ్యో తేదీలోగా అక్కడ చేరాలి. చేరకపోతే ఉత్తర్వు రద్దు, ఆ చోటు ఇంకొకరికి. ఫోన్లో ఆ మాట చెప్పగానే చరిత ఒక్క కేక పెట్టింది. "అమ్మా, నా అలమరలో సగం ఖాళీ చేసేస్తున్నా. నీ చీరలకి!" హైమవతి ఫోను పెట్టేసి, పాత కాగితాల గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. సంతోషానికే.

కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలిగా. ఆఫీసు వదలాలంటే చార్జి అప్పగించాలి. అంటే ప్రతి కుర్చీ, ప్రతి స్టూలూ నంబరుతో సహా సరిచూసి, 'అన్నీ ఉన్నవి' అని తనిఖీ అధికారి సంతకం పెట్టాలి. ప్రభుత్వ కుర్చీకి వీపు మీద తెల్ల రంగుతో నంబరు వేసి ఉంటుంది, చూసే ఉంటారు. మనిషికి పుట్టుమచ్చలెలాగో కుర్చీకి ఆ నంబరు అలాగ. కోర్టులో కూడా చెల్లుతుంది. హైమవతి కుర్చీలన్నీ క్షేమంగా ఉన్నాయి, నంబర్లన్నీ ఉన్నాయి. తనిఖీ అధికారి రావడమే తరువాయి.

ఆయన రావడానికి ముందు స్ప్రే గన్ను వచ్చింది.

డిప్యూటీ డైరెక్టర్ పీతాంబరం గారికి ఏటా ఒక ఉత్సాహం పట్టుకుంటుంది. ఒక ఏడు మొలకెత్తిన పెసలు. ఒక ఏడు మౌనవ్రతం. ఆ ఏడు ఆఫీసంతా సుఖంగా ఉంది. ఈ ఏడు ఆయన ఫోన్లో ఎవరో ఒక దొర పాత కుర్చీ మీద గన్నుతో రంగు చల్లి కొత్త కుర్చీ చేయడం చూశారు. వెంటనే గన్ను తెప్పించారు. చూడ్డానికి తల ఆరబెట్టుకునే మిషనుకి కింద గిన్నె తగిలించినట్టు ఉంటుంది. ఇంట్లో భోజనాల బల్ల, పూజ పీటలు, అత్తగారి మడతమంచం అయ్యాక, ఇల్లాలు గన్ను లాక్కుని చేతికిచ్చి, "మీకు ఆఫీసుందిగా, అక్కడ చల్లుకోండి" అందట. ఉరుము ఉరిమి మంగలం మీద పడింది.

మర్నాడే ఉత్తర్వు. 'కార్యాలయ వర్ణ సమైక్యతా వారోత్సవం' సందర్భంగా సమస్త ఫర్నిచరూ లేత పిస్తా రంగులోకి పరివర్తన చెందవలెను. సిబ్బంది అందరూ హాజరు కావలెను.

అందరూ హాల్లో నిలబడ్డారు. పీతాంబరం గారు చొక్కా మీద పాత లుంగీ ఒకటి కప్పుకుని, గన్ను పట్టుకుని మధ్యలోకి వచ్చారు.

"ఇది లేటెక్స్ పెయింటు" అన్నారు డబ్బా ఎత్తి చూపిస్తూ. "గోడలకి వేసే జాతిదే. వాసన రాదు, చేతికంటితే నీళ్లతో కడుక్కోవచ్చు. కాకపోతే చిక్కన. గన్ను చిక్కటి పదార్థాన్ని స్వీకరించదు. కనుక జలంతో పలుచన చేసి, వడగట్టి, పల్చటి పొరలుగా, చెయ్యి ఆపకుండా చల్లవలెను. ఎర్రినాయుడూ, జల్లెడ!"

అటెండరు ఎర్రినాయుడు టీ జాలీ తెచ్చాడు. ఆఫీసులో ఉన్న జల్లెడ అదొక్కటే. మర్నాడు టీ పిస్తా రంగులో వచ్చిందని అకౌంటెంటు గొడవ చేశాడు గానీ, వర్ణ సమైక్యత టీకి కూడా వ్యాపించిందని పీతాంబరం గారు సంతోషించారు.

హైమవతి ముందుకొచ్చింది. "సార్, చల్లే ముందు వీపుల మీద నంబర్లకి టేపు అంటిద్దామండి. ఆరాక పీకేస్తాం."

"పీకితే?"

"నంబరు కనపడుద్ది కదండీ."

"నంబరుతో పాటు పాత రంగూ కనపడుతుంది. అప్పుడు వర్ణ సమైక్యత ఏం కావాలి?" పీతాంబరం గారి ముఖంలో బాధ కనిపించింది. "నంబరు అనేది వ్యక్తివాదం హైమవతి గారూ. నేను వేరు, పక్క కుర్చీ వేరు అనే అహం. దాన్నే మనం ఇవాళ జయిస్తున్నాం."

"అహం కుర్చీలకి లేదండి. చార్జి అప్పగించాల్సింది నేను."

"అమ్మా, మీరు చిన్నగా ఆలోచిస్తున్నారు" అని ఆయన గన్ను మీట నొక్కారు.

పైన ఫ్యాను తిరుగుతోంది. ఆపితే సారుకి ఉక్క, అందుకని ఎవరూ ఆపలేదు. గన్నులోంచి వచ్చిన తుంపర కుర్చీ దాకా వెళ్లి, ఫ్యాను గాలికి లేచి, హాలంతా ఒక చుట్టు చుట్టి నలుగురి మీదా దిగింది. సాయంత్రానికి ఫర్నిచరు ఎంత పిస్తాగా ఉందో సిబ్బంది కూడా అంతే పిస్తాగా ఉన్నారు. గోడ గడియారంలో టైమెంతయిందో కనపడడం మానేసింది. హైమవతి మెరూన్ చీర మీద బియ్యప్పిండి జల్లినట్టు పిస్తా చుక్కలు. ఉతికినా పోలేదు. చేతికంటితే కడుక్కోవచ్చన్న మాట నిజమే, చీర సంగతి ఆయన చెప్పలేదుగా!

పైన ఆరినట్టుండి లోపల ఆరని కుర్చీల్లో మర్నాడు జనం కూర్చున్నారు. లేచినప్పుడు ప్యాంట్ల రంగు కొంత కుర్చీలకీ, కుర్చీల రంగు కొంత ప్యాంట్లకీ మారింది. అయినా నవ్వుకున్నారు. హైమవతికి మాత్రం నవ్వు రాలేదు. ప్రతి కుర్చీ వెనక్కీ వెళ్లి వంగి చూసింది. నున్నగా, అందంగా, ఒక్క అంకె లేకుండా ఉన్నాయి.

ఇరవయ్యో తేదీన తనిఖీ అధికారి వైకుంఠరావు గారు వచ్చారు. కళ్లజోడు ముక్కు చివర, మాట నాలుక చివర ఉండే మనిషి. వస్తువుల పట్టీ తెరిచి, కార్యాలయమంతా తిరిగి, హాల్లో ఒక కుర్చీలో కూర్చుని ప్రకటించారు.

"పట్టీ ప్రకారం ఉండవలసినవి ఎనభై ఆరు. ఉన్నవి సున్న. ఎనభై ఆరు వస్తువులు మాయం."

హైమవతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మాయమా? మరి మీరు కూర్చున్నదేంటండీ?"

ఆయన లేచి, కుర్చీ వీపు చూసి, మళ్లీ కూర్చున్నారు. "నేను కూర్చున్నది నంబరు లేని ఒక పిస్తా రంగు వస్తువు మీద. ఇది ఎవరిదో, ఎలా వచ్చిందో దాఖలా లేదు. ఇలాంటివి ఎనభై ఆరు అక్రమంగా మీ వద్ద ఉన్నాయి. అది వేరే నేరం."

"అయ్యా, పోయినవీ ఎనభై ఆరే, దొరికినవీ ఎనభై ఆరే. రెండూ ఒకటేనని పసిపిల్లలకైనా తెలుస్తుంది కదండీ!"

"పసిపిల్లలకి తెలియవచ్చునమ్మా. శాఖకి తెలియాలంటే ఆధారం ఉండాలి. సంఖ్యలు సరిపోవడం కాకతాళీయం."

పక్కనే నిలబడ్డ ఎర్రినాయుడు చెవిలో చెప్పాడు. "మేడమ్ గారూ, ఓ బ్లేడు ముక్కట్టుకుని గీకేద్దుమా? కిందని నంబరు అలాగే ఉంటాది. ఎక్కడికి పోద్ది?"

మంచి మాటే. హైమవతి కొంగు బిగించి ఒక కుర్చీ వీపు గీకడం మొదలెట్టింది. తెల్లగా ఒక అంకె తోక కనపడిందో లేదో, పీతాంబరం గారు తన గదిలోంచి పరుగెత్తుకొచ్చారు.

"ఆపండి! ప్రభుత్వ రంగును గీకుతారా? ఫోటోలు పై కార్యాలయానికి పంపాను. ఉత్తమ వర్ణ కార్యాలయం పురస్కారానికి మన పేరు పరిశీలనలో ఉంది. ఆ తోక కనపడితే మొత్తం పోతుంది." ఆయన స్వయంగా గన్ను తెచ్చి ఆ తోక మీద రెండు పొరలు చల్లారు. హైమవతి చేతికీ ఒక పొర పడింది.

ఇక ఏం చెయ్యాలని అడిగితే వైకుంఠరావు గారు, పోలీసులు దొంగల్ని గుర్తుపట్టించే పద్ధతి ఒకటుంది కదా, అది కుర్చీలకి వర్తింపజేయవచ్చునన్నారు. 'వస్తు గుర్తింపు కవాతు' అని దానికి పేరు కూడా పెట్టారు. కుర్చీలన్నీ ఆవరణలో వరసగా నిలబెట్టారు. సాక్షిగా, రిటైరై చోడవరంలో ఉంటున్న పాత సూపరింటెండెంటు భీమేశ్వరం గారిని పిలిపించారు. ఇరవై ఏళ్లు ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి. కళ్లు మసక. అయితేనేం, ఇది కళ్లతో పని కాదు.

ఆయన ఒక్కొక్క కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ ఊగి, "ఇది కాదు" అంటూ సాగారు. ఏడో దాంట్లో కూర్చోగానే అది ఎడమ పక్కకి ఒరిగి, పంచె మేకుకి తగిలి చర్రుమంది. భీమేశ్వరం గారి ముఖం వెలిగిపోయింది.

"ఇదే! నా తల్లి! ఇది నన్ను మర్చిపోలేదు. ఇరవై మూడో నంబరు!"

ఆయన కళ్లు తుడుచుకున్నారు. చూసిన వాళ్లకి కూడా కళ్లు చెమర్చాయి. ఈలోగా రికార్డు అసిస్టెంటు ముందుకొచ్చి, ఎడమకి ఒరిగేది తన కుర్చీ అనీ, దాని నంబరు నలభై అనీ అన్నాడు. డ్రైవరు వచ్చి, మేకున్నది తన స్టూలు అనీ, దాన్ని ఎవరో కుర్చీ చేశారనీ అనుమానం వెలిబుచ్చాడు. ముగ్గురూ వంతులవారీగా కూర్చుని ఒరిగి చూపించారు.

వైకుంఠరావు గారు తల ఊపారు. "సాక్షులు కుర్చీ పట్ల అభిమానం కలవారు. అభిమానం కలవారి సాక్ష్యం చెల్లదు. అభిమానం లేనివారు గుర్తుపట్టలేరు. కనుక కవాతు విఫలం."

హైమవతి ఆయన దారికి అడ్డంగా వచ్చి నిలబడింది. "అయ్యా, తేదీ దగ్గర పడుతోంది. నా పిల్ల అక్కడ రోజులు లెక్కపెట్టుకుంటోంది. తొమ్మిదేళ్లు ఆగాను. ఈ కుర్చీలకోసం ఇంకో తొమ్మిదేళ్లు ఆగమంటారా?"

ఆయనకి జాలి లేకపోలేదు. జాలికి నిబంధన లేదు, అంతే. "మీ బాధ నాకు అర్థమవుతోందమ్మా. పోయినవాటి సంగతి తేలేదాకా మీరు కదలడానికి వీల్లేదు. దొరికినవాటికి మాత్రం కొత్త నంబర్లు వేయిస్తాను. అది నా చేతిలో పని."

ఆ సాయంత్రమే ఫర్నిచరు అంటే ఏమిటో నిర్వచనం టైపయి గోడకెక్కింది. వైకుంఠరావు గారు రాసిన ప్రతి మాటా మూడుసార్లు ఆలోచించి రాసిందే. 'కార్యాలయ ఆవరణలో ఉండి, పిస్తా వర్ణము కలిగి, పాత నంబరు లేక, దీర్ఘకాలముగా కదలక ఒకేచోట నుండి, కార్యాలయ భారమును మోయు ప్రతిదియు ఫర్నిచరుగా పరిగణించి నంబరు వేయవలెను. సదరు నంబరు గలది గేటు పాసుపై ఎక్కడికైనను తరలించవచ్చును.'

ఎర్రినాయుడు చిన్న కుంచె పట్టుకుని నంబర్లు వేసుకుంటూ పోయాడు. గోడ గడియారానికి ఒకటి పడింది. నీళ్ల కుండకి పడింది. ఎవరో మెట్ల కింద వదిలేసిన కొబ్బరికాయ మీద తుంపర పడి ఆరి ఉంది కాబట్టి దానికీ పడింది. నంబరు పడ్డాక దాన్ని పగలగొట్టడం నేరమట.

ఇంతలో పీతాంబరం గారికి ఇంకో ఆలోచన వచ్చింది. ఈ వెలుగు మనతో ఆగకూడదు, పక్క జిల్లాల్లో కూడా వ్యాపించాలి. నమూనాగా కొన్ని వస్తువులు వేరే కార్యాలయాలకి పంపాలి. కాకినాడకి రెండు బల్లలు, తణుకుకి మూడు కుర్చీలు, ఒక స్టూలు.

"తరలించాలంటే చార్జి అప్పగించక్కర్లేదా అండీ?" అడిగింది హైమవతి. తణుకు అనే మాట వినగానే ఆమె చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"చార్జి మనుషులకమ్మా" అన్నారు వైకుంఠరావు గారు. "వస్తువుకెందుకు? నంబరుంటే చాలు. గేటు పాసు రాసి బండెక్కించడమే."

హైమవతి ఆయన ముఖం వంక చూసింది. గోడ మీద కాగితం వంక చూసింది. తర్వాత బ్యాగు తీసుకుని అద్దె గదికి వెళ్లిపోయింది. మర్నాడు ఆ పిస్తా చుక్కల మెరూన్ చీరే కట్టుకుని వచ్చి, వైకుంఠరావు గారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడింది.

"నాకు నంబరు వేయించండి."

"ఏమిటమ్మా?"

"మీ నిర్వచనం చదివానండి. కార్యాలయ ఆవరణలో ఉన్నానా? ఉన్నాను. పిస్తా వర్ణం? చూడండి, చీర, చెయ్యి, జుట్టులో కూడా. పాత నంబరు? లేదు."

వైకుంఠరావు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "మీకు కాళ్లున్నాయి కదమ్మా."

"కుర్చీకీ ఉన్నాయండి. నాలుగు."

"మీరు కదులుతారు."

"తొమ్మిదేళ్లుగా కదలనివ్వండి బాబూ అని అడుగుతున్నా, కదలనిచ్చారా? దీర్ఘకాలం కాదంటారా?"

ఆయన నిర్వచనం మళ్లీ చదివారు. "కార్యాలయ భారమును మోయు..."

"అది ఎర్రినాయుణ్ని అడగండి" అంది హైమవతి.

"అయ్యబాబోయ్!" అన్నాడు ఎర్రినాయుడు. "ఈ ఆఫీసు బరువంతా ఆ మేడమ్ గారే కదండీ మోసీది. మిగతావోళ్లందరూ కూకోడానికే వొస్తారు."

వైకుంఠరావు గారు లేచి గోడ మీది కాగితం దగ్గరికే వెళ్లారు. తాను రాసిన వాక్యంలో ఎక్కడైనా సందు ఉంటుందేమోనని వేలు పెట్టి వెతికారు. సందు లేదు. సందు లేకుండా రాయడమే జన్మంతా ఆయన గర్వం. 'ప్రాణము లేని' అనే రెండు మాటలు వేసి ఉంటే సరిపోయేది. కానీ గోడకెక్కిన ఉత్తర్వు సవరించాలంటే తాను తప్పు రాసినట్టు ఒప్పుకోవాలి. ఇప్పటిదాకా ఆ పని ఎన్నడూ చేయలేదు.

"పీతాంబరం గారూ, మీ అభిప్రాయం?" అన్నారు చివరికి.

పీతాంబరం గారు హైమవతి చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. "వర్ణం సమంగా పడలేదు. భుజం దగ్గర ఇంకో పొర వేస్తే నమూనాగా పంపడానికి యోగ్యమే."

"పొర వద్దు సార్. ఉన్నది చాలు" అంది హైమవతి గబగబా.

ఎర్రినాయుడు ఆమె చెయ్యి పట్టుకుని ముంజేతి మీద, గాజుల పైన, తెల్లగా తొంభై అని వేశాడు. "నొప్పెట్టట్లేదు కదండీ?" అని అడిగాడు. గేటు పాసు రాశారు. కుర్చీలు మూడు. స్టూలు ఒకటి. పిస్తా రంగు వస్తువు, ఒకటి.

"ఫర్నిచరుకి జవాబుదారే ఫర్నిచరైపోతే, ఇక మిగతావాటి చార్జి ఎవరిదండీ?" అని అకౌంటెంటు అనుమానం అడిగాడు. దానికి వైకుంఠరావు గారు ఇంకో కాగితం తీసుకుని రాయడం మొదలెట్టారు. ఆయన ఇప్పటికీ రాస్తున్నారని వినికిడి.

ట్రాలీ ఆటో వచ్చింది. హైమవతి ముందు సీటు ఎక్కబోతే డ్రైవరు పాసు చూసి తల గోక్కున్నాడు. "ముందుర మనుసులే ఎక్కాలండి. సామాను ఎనక్కి." సరే, వెనక్కే ఎక్కింది. తాళ్లతో కట్టిన పిస్తా కుర్చీలో కూర్చుని, ఒళ్లో బ్యాగు పెట్టుకుని, తుని దాటింది, అన్నవరం దాటింది. రోడ్డు మీద బస్సుల్లో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. ఎవరో పిల్లవాడు చెయ్యి ఊపితే తనూ ఊపింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీదికి వచ్చేసరికి చల్లటి గాలి మొహాన కొట్టింది. ఇన్నేళ్లలో ఆ వంతెన మీద ఎన్నో వందలసార్లు వెళ్లింది, చీకట్లో, బస్సులో, నిద్ర పట్టక. ఇవాళ పట్టపగలు, ఎండలో, నది మొత్తం కనపడేలా కుర్చీలో కూర్చుని దాటుతోంది. పెద్దగా నవ్వింది. వినేవాళ్లు లేరు కాబట్టి ఒక పాట కూడా పాడింది.

తణుకు కార్యాలయంలో అసిస్టెంట్ డైరెక్టర్ ప్రసూనాంబ గారు గడప దగ్గరే నిలబడి సామాను దింపించుకున్నారు. పాసు చూశారు. కుర్చీలు చూశారు. హైమవతిని చూశారు. ముంజేతి మీద నంబరు చూశారు.

"ఇదేంటమ్మా ఇది?"

హైమవతి జరిగింది చెప్పింది. ప్రసూనాంబ గారు ముప్పై ఏళ్లుగా ఈ శాఖలో ఉన్నారు. ఆశ్చర్యపోవడం ఎప్పుడో మానేశారు. 'అందినవి. స్థితి: బాగున్నవి. ఒక వస్తువు స్వల్పముగా అలసి ఉన్నది' అని రాసి సంతకం పెట్టారు.

"అంతా బాగానే ఉంది గానీ హైమవతీ, వస్తువు అందింది, ఉద్యోగి చేరలేదు. ఉద్యోగిగా నువ్వు నర్సీపట్నం వదల్లేదు కదా. ముప్పయ్యో తేదీ దాటితే నీ ఉత్తర్వు పోతుందమ్మా."

"పోనివ్వండి మేడమ్. ఉద్యోగి హైమవతి అక్కడే ఉంటుంది. కదలడానికి వీల్లేదని వాళ్లే అన్నారుగా."

"మరి జీతం?"

"అక్కడి నుంచే వస్తుందండి. విడుదల చెయ్యని మనిషి జీతం ఎలా ఆపుతారు? ఆపాలంటే నేను అక్కడ లేనని రాయాలి. లేనంటే ఎలా వెళ్లానో రాయాలి. వైకుంఠరావు గారు ఆ మాట రాయలేరు."

ప్రసూనాంబ గారు కిటికీ పక్కన ఒక బల్ల చూపించారు. ఆ రోజు నుంచీ హైమవతి ఆ బల్ల దగ్గర కూర్చుని పని చేసుకుపోతోంది. చేస్తున్నది ఉద్యోగమా, వస్తువు ఉపయోగమా అనే ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగితే పని తమ మీద పడుతుందని అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరింది. చరిత బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుకుంటోంది. తల్లిని చూసి, వారం మధ్యలో వచ్చిందేమిటా అని ముందు కంగారు పడింది.

"ఏంటమ్మా, ఎవరికైనా బాగోలేదా?"

"అందరూ బాగున్నారే. వచ్చేశాను."

"ఆదివారం రాత్రి బస్సుకేనా మళ్లీ?"

"కాదు."

"మరి ఎన్నాళ్లుంటావ్?"

"నేనిప్పుడు సర్కారు సామాను. నన్ను ఇక్కణ్ణుంచి తీసెయ్యాలంటే ముగ్గురు అధికారులు కలిసి కూర్చోవాలి, రేటు కట్టాలి, పేపర్లో వేలం ప్రకటన ఇవ్వాలి. ఈ శాఖలో ముగ్గురు అధికారులు కలిసి కూర్చోవడం నేను ఇంతవరకూ చూళ్లేదే" అంది హైమవతి. పిల్లని గట్టిగా పట్టుకుంది. పిల్ల పొడుగు తన భుజం దాటిందని అప్పుడు తెలిసింది. ఆవిడకి ఏడుపొచ్చేసింది. సూర్యం షాపు తాళం వేసుకుని వచ్చేసరికి తల్లీ కూతుళ్లిద్దరూ గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు.

ఎండలు ముదిరి బదిలీల కాలం వచ్చింది. ఆ ఏడు శాఖలో ఉత్తర్వులు వడగళ్లలా పడ్డాయి. విజయనగరం వాళ్లు అనంతపురానికి, అనంతపురం వాళ్లు విజయనగరానికి. ఉత్తమ వర్ణ కార్యాలయం పురస్కారం అందుకున్న పీతాంబరం గారు ఆ పురస్కారంతో సహా మడకశిరకి వెళ్లారు. పిల్లల చదువులని కొందరు, పురుళ్లని కొందరు, మోకాళ్ల నొప్పులని కొందరు మొత్తుకున్నారు. పైవాళ్లు ఎవరి మాటా వినలేదు. తణుకు కార్యాలయంలో తొంభయ్యో నంబరు మాత్రం కిటికీ పక్కన నిశ్చింతగా పని చేసుకుంటోంది. నర్సీపట్నం జాబితాలో ఉన్న పేరుకి లెక్క తేలేదాకా కదలడానికి వీల్లేదు, తణుకు జాబితాలో అసలు పేరే లేదు. జాబితాలో పేరున్నవాళ్లనే కదా మారుస్తారు.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక, ప్రసూనాంబ గారు వచ్చి హైమవతి ఎదుట కూర్చున్నారు. ఆవిడ చేతిలో ఉత్తర్వు ఉంది. ఇచ్ఛాపురం.

"మా చిన్నాడు పదో తరగతి హైమవతీ" అన్నారు. ఆ కాగితాన్ని బల్ల మీద బోర్లించారు. "వాడికి లెక్కల భయం. రాత్రిళ్లు నేను పక్కన కూర్చుంటే గాని పుస్తకం తెరవడు. పైకి చెప్పి చూశాను. పిల్లలు అందరికీ ఉంటారుట."

హైమవతి ఆ మాటకి కళ్లు దించుకుంది. ఆ బాధ ఆవిడకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"మేడమ్, గన్ను సంగతి నేను చూస్తాను. మడకశిరకి గన్ను తీసుకెళ్లడానికి వీల్లేదని పీతాంబరం గారి ఇల్లాలు పట్టుబట్టిందట, ఆవిడ నాకు బాగా తెలుసు. నంబరు వెయ్యడానికి ఎర్రినాయుడు వస్తాడు. మీరు ఏమిటిగా ఉంటారో చెప్పండి. కుర్చీయా, బల్లా? స్టూళ్లు కూడా ఒకటి రెండు తక్కువున్నాయి."

ప్రసూనాంబ గారు కొంగుతో కళ్లు తుడుచుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"గెజిటెడ్ హోదా కదమ్మా, మరీ స్టూలంటే ఏం బాగుంటుంది? బీరువా ఏమన్నా కుదురుతుందేమో చూడు."